ఫుట్‌పాత్ నుంచి అద్దె గది దాకా: ఒక మనిషికి తోడు నిలవడం ఎలా

“మా వీధి చివర మూసేసిన షాపు మెట్ల మీద ఒకామె పడుకుంటోంది. ఎక్కడికైనా తీసుకెళ్తారా?” అని అడిగే ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. అలా అడగాలనిపించినందుకే ముందు వాళ్లకు దండం పెడతాను. కానీ తీసుకెళ్లడం ఒక్క సాయంత్రం పని. ఆ తర్వాత ఆమె పేరు మీద కాగితాలు తయారవ్వాలి, చేతికి నాలుగు డబ్బులు రావాలి, ఒక గది దొరకాలి, ఆ గదిలో ఆమె నిలదొక్కుకోవాలి. అందుకు నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఏం చేయాలో నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

నేను సికింద్రాబాద్ వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ నడిపే ఆడవాళ్ల షెల్టర్‌లో పనిచేస్తాను. షెల్టర్ కాకుండా చుట్టుపక్కల బస్తీల్లో మా సంస్థ కొన్ని ఇళ్లు అద్దెకు తీసుకుంది. పూర్తిగా ఒంటరిగా ఉండలేనివాళ్లు, అలాగని బతుకంతా ఆశ్రమంలో గడపాల్సిన అవసరం లేనివాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఆ ఇళ్లలో ఉంటారు. వంట వాళ్లే చేసుకుంటారు, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. మేం వెళ్లి వస్తుంటాం. మందులు, పెన్షన్, ఓనరుతో మాటలు, ఆసుపత్రి, ఇలాంటివాటికి తోడుంటాం. చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ, మానసిక జబ్బుతో వీధిపాలై ఏళ్లకేళ్లు ఆసుపత్రుల్లో ఉండిపోయిన ఆడవాళ్ల కోసం 2015లో ‘హోమ్ అగైన్’ పేరుతో ఇలాంటి ఇళ్లు మొదలుపెట్టింది. మామూలు వీధిలో మామూలు ఇల్లు, అందులో నలుగురైదుగురు, అవసరమైన సాయం చేయడానికి ఒక మనిషి. మేం పట్టుకున్న దారి కూడా అదే.

ముందు పరిచయం

రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య వెళ్లండి. షాపులు కట్టేశాక, నిద్ర పట్టకముందు దొరికే సమయం అది. నిద్రపోతున్నవాళ్లను లేపకండి. వీధిలో పడుకునే మనిషిని నిద్రలోంచి లేపేది సాధారణంగా లాఠీ, లేదంటే తాగినవాడు. ఇద్దరు వెళ్తే చాలు, అందులో ఒకరు ఆడవాళ్లు అయ్యేలా చూసుకోండి. గుంపుగా వెళ్లొద్దు. ఫోన్ టార్చి మొహం మీద వేయొద్దు. ఫొటో తీయొద్దు. దుప్పటి కప్పుతూ ఫొటో దిగడం అయితే అసలే వద్దు. ఆమె అన్నావదినలు ఆ ఫొటో చూస్తే ఏమవుతుందో మనకు తెలియదు.

నిలబడి మాట్లాడకుండా పక్కన మెట్టు మీద కూర్చోండి. ముందు మీ పేరు చెప్పండి. “అమ్మా, నీ ఊరేది, పిల్లలెంతమంది, ఎందుకొచ్చేశావు” అని మొదలుపెడితే అక్కడితో మాట ఆగిపోతుంది. ఆ ప్రశ్నలు ఆమెను అందరూ అడిగి ఉంటారు. నేనైతే ఆ చోటు గురించి అడుగుతాను. ఇక్కడ దోమలు ఎక్కువా, నీళ్లు ఎక్కడ పట్టుకుంటావు, పొద్దున బాత్రూంకు ఎటు వెళ్తావు, షాపాయన ఏమైనా అంటాడా? వాటికి జవాబు చెప్పడం తేలిక. పైగా ఆమె ఎంత తెలివిగా బతుకుతోందో ఆ జవాబుల్లోనే తెలుస్తుంది.

పగటిపూట బస్టాపులో పడి నిద్రపోయే ఆడవాళ్లను చూసి తాగి పడిపోయారని అనుకుంటారు. వీధిలో ఉండే ఆడమనిషి రాత్రంతా కూర్చొనే ఉంటుంది. జనం తిరిగే పగటిపూట పడుకుంటే భయం తక్కువ. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది తిరిగి లెక్క రాసినప్పుడు దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది అని తేలింది. అందులో పట్టణాల్లోనే 9.38 లక్షలు. నాకు తెలిసిన ఆడవాళ్లలో చాలామంది ఆ లెక్కకు చిక్కి ఉండరు. ఆసుపత్రి వరండాలో రోగి బంధువులా, రైల్వే స్టేషన్‌లో ప్రయాణికురాలిలా, గుడి దగ్గర భక్తురాలిలా రాత్రి గడిపేవాళ్లను ఎవరు లెక్కపెడతారు?

మీరు ‘షెల్టర్’ అనగానే ఆమె మూట దగ్గరకు లాక్కుంటే ఆశ్చర్యపోకండి. “నన్ను ఏడికి తీస్కపోతరు? జైల్లకా?” అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. ఆ భయం వెనుక కారణం ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరగబోతుండగా భిక్షాటనను నిషేధించి, వీధుల్లో ఉన్నవాళ్లను వ్యానుల్లో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైలు ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. ఆ కబురు వీధుల్లో ఇంకా బతికే ఉంది. అందుకే బండి తీసుకుని వెళ్లకండి. “నువ్వు వచ్చి చూడు, నచ్చకపోతే నేనే మళ్లీ ఇక్కడ దింపుతా” అని చెప్పండి. చెప్పినట్టే దింపండి. అలా ఒకసారి చూసి వెనక్కి వెళ్లి, వాన పడ్డ రాత్రి తమంతట తామే నడిచొచ్చినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒంటరిగా పిల్లలు కనిపిస్తే 1098కి, ప్రాణం మీదకొచ్చే పరిస్థితి అయితే 108కి, ఆడమనిషి మీద దాడి జరిగిందనిపిస్తే 181కి వెంటనే చేయండి. వయసు మళ్లినవాళ్ల విషయంలో సలహా కావాలంటే 14567 ఉంది. తనలో తాను మాట్లాడుకుంటూ, ఒంటి మీద స్పృహ లేకుండా తిరిగే మనిషి కనిపిస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గుర్తుంచుకోండి. అందులో 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు ఆ మనిషిని తమ రక్షణలోకి తీసుకుని 24 గంటలలోపు దగ్గర్లోని ప్రభుత్వ వైద్య సంస్థలో చూపించాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేని మనిషి అయితే తప్పిపోయినట్టు ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి కుటుంబం కోసం వెతకాలి. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఈ సెక్షన్ ప్రింటు చేతిలో ఉంటే మాట త్వరగా తెగుతుంది. తీసుకెళ్లాల్సింది హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డకు, విశాఖలో అయితే ప్రభుత్వ మానసిక వైద్యశాలకు.

షెల్టర్‌ను ముందు మీరు చూడండి

ఐదు లక్షలు దాటిన నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమాల్లోకి కూడా అదే వచ్చింది. ఒక్కోటి కనీసం వంద మందికి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, 24 గంటలూ తెరిచి ఉండాలి, షిఫ్టుల్లో కేర్‌టేకర్లు ఉండాలి, నీళ్లు, మరుగుదొడ్లు, వంటగది, సామాన్లకు లాకర్లు ఉండాలి. కట్టడం, నిధులు ప్రభుత్వానివి. నడిపేది చాలాచోట్ల మాలాంటి సంస్థలు. జీహెచ్ఎంసీ పరిధిలో ఈ పనిని యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగం చూస్తుంది. మీ దగ్గర్లో ఏది ఎవరికి ఉందో సర్కిల్ ఆఫీసులో అడిగితే చెప్తారు.

ఎవరికి అన్నది ముఖ్యం. మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు. పెద్ద ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు వేరే ఉంటాయి. కుటుంబాలకు మాత్రం చాలా తక్కువ. మొగుడు ఒక చోట, పెళ్లాం ఒక చోట, పన్నెండేళ్ల కొడుకు ఇంకో చోట అంటే ఏ కుటుంబమైనా ఫ్లైఓవర్ కిందే ఉండిపోతుంది. అలాంటివాళ్లను షెల్టర్‌కు రమ్మని బతిమాలకండి. నేరుగా గది వెతకడం మొదలుపెట్టండి. దాని గురించి కింద రాస్తాను.

వెళ్లగానే నేను మొదట చూసేది బాత్రూం గడియ. లోపల గడియ పడుతుందా, లైటు వెలుగుతుందా? తర్వాత లాకరు. ఆ తర్వాతే మంచాలు, దుప్పట్లు. ఆరింటికే పొద్దున బయటికి పంపేస్తారా, రాత్రి ఆలస్యంగా వస్తే తలుపు తీస్తారా అని కూడా అడగండి. ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు కడిగే ఆడవాళ్లు అర్ధరాత్రి దాటాకే వస్తారు.

మొదటి వారం

ఈ వారంలో ఫారాలు నింపొద్దు. స్నానం, తిండి, నిద్ర, అంతే. చాలామంది రెండు మూడు రోజులు పడుకునే ఉంటారు. పడుకోనివ్వండి.

మూట జోలికి వెళ్లకండి. వాసన వస్తున్నా, లోపల ఎండిన రొట్టెలున్నా, చింకి గుడ్డలున్నా అది ఆమె ఇల్లు. కొత్తగా చేరిన వాలంటీర్లు శుభ్రం పేరుతో మూట పారేస్తే ఆ మనిషి ఆ రాత్రే వెళ్లిపోతుంది. పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చి “నీ సామాను ఇందులో సర్దుకో పెద్దమ్మా, తాళం నీ దగ్గరే ఉంచుకో” అంటే కొన్నాళ్లకు పారేయాల్సినవి ఆమే పారేసుకుంటుంది. అడుగున పొట్లంలో చుట్టి పాత రేషన్ కార్డు జిరాక్సో, ఎవరిదో ఫోన్ నంబరో ఉంటుంది. ఆ కాగితం ముక్క మీదే తర్వాత పనంతా ఆధారపడొచ్చు.

దగ్గు రెండు వారాలు దాటి ఉంటే కఫం పరీక్ష వెంటనే చేయించండి. అందరూ ఒకే హాల్లో పడుకునే చోట టీబీని వారం వాయిదా వేయకూడదు. మందులు ఉచితం. చికిత్స సాగినంతకాలం పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. కానీ అది బ్యాంకు ఖాతాలోనే పడుతుంది.

ఇంకో సంగతి మన తెలంగాణలో పనిచేసేవాళ్లకు తప్పక తెలియాలి. కొన్ని కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్లులో అల్‌ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఏళ్లుగా అది తాగుతున్న మనిషి షెల్టర్‌కు వచ్చి ఒక్కసారిగా మానేస్తే రెండో మూడో రోజు చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరుగుతుంది. మెడ ఒక పక్కకు వాలిపోతుంది, మాట తడబడుతుంది. దెయ్యం పట్టిందని పక్కవాళ్లు భయపడతారు. “రోజూ కల్లు తాగేదానివా అక్కా?” అని మొదటి రోజే మామూలుగా, తప్పుపట్టని గొంతుతో అడగండి. అవునంటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, మందుల సాయంతో మెల్లగా తగ్గించాలి. “ఇక్కడ తాగకూడదు” అనే బోర్డు ఒక్కటి పెట్టి ఊరుకుంటే ప్రాణం మీదకొస్తుంది.

కాగితాలు

ఇక్కడ ఓపిక పట్టాలి. చిరునామా లేనిదే కార్డు రాదు, కార్డు లేనిదే గది దొరకదు, గది లేనిదే చిరునామా ఉండదు. ఈ ముడిని షెల్టర్ దగ్గరే విప్పొచ్చు.

ఆధార్‌తో మొదలుపెట్టండి. “నాకు లేదు” అన్నా నమ్మేయకండి. ఎప్పుడో తీయించుకుని పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. ఉన్న మనిషికి మళ్లీ కొత్తది తీయబోతే తిరస్కరిస్తారు, వారాలు వృథా. ఆధార్ సేవా కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రతో పాత నంబరు వెతికించండి. గిన్నెలు తోమీ, సిమెంటు మోసీ వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు కంటిపాపతో చూడమని గట్టిగా అడగండి. అడగకపోతే “ముద్ర పడట్లేదు, తర్వాత రండి” అనేస్తారు. నిజంగానే లేకపోతే, గుర్తింపు ఉన్న షెల్టర్ అధిపతి, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ నిర్ణయించిన నమూనా పత్రం మీద ఫొటో అంటించి, సంతకం చేసి, ముద్ర వేసి ఇస్తే అది చిరునామాకు రుజువుగా చెల్లుతుంది. ఆ పత్రం గడువు మూడు నెలలు, ఈలోపే వాడేయాలి. 18 ఏళ్లు దాటినవాళ్లకు కొత్త ఆధార్ అయితే రాష్ట్ర ప్రభుత్వ పరిశీలన కూడా ఉంటుంది. నెలలు పట్టొచ్చని ఆమెకు ముందే చెప్పండి.

పేరు విషయంలో తొందరపడొద్దు. పుట్టింటి పేరు, అత్తింటి పేరు, అందరూ పిలిచే పేరు, ఏది రాయాలి? ఆమె ఏది చెప్తే అది. కొందరు మొగుడి పేరు వద్దంటారు. వద్దంటే వద్దు, తండ్రి పేరు రాయించండి. ఒకసారి ఏది రాశారో అన్ని కాగితాల్లోనూ అదే అక్షరాలు ఉండాలి.

ఫోన్ నంబరు కూడా ఆమె సొంతమే ఉండాలి. షెల్టర్ నంబరో, వాలంటీరు నంబరో లింకు చేస్తే ఆమె బయటికి వెళ్లాక ప్రతి ఓటీపీకీ మన మీద ఆధారపడాలి. మనం ఫోన్ ఎత్తకపోతే పెన్షన్ ఆగిపోతుంది. బటన్ల ఫోన్, ఒక సిమ్ చాలు.

ఖాతాకు పూర్తి గుర్తింపు పత్రాలు లేకపోయినా బ్యాంకువాళ్లు ‘స్మాల్ అకౌంట్’ తెరవాలి. ఏడాది మొత్తంలో జమ లక్ష, ఎప్పుడూ నిల్వ 50 వేలు, నెలకు తీసేది 10 వేలు దాటకూడదు. మొదట ఏడాది పాటు నడుస్తుంది, పత్రాలకు అర్జీ పెట్టుకున్నట్టు చూపిస్తే ఇంకో ఏడాది పొడిగిస్తారు. జన్‌ధన్ కింద కనీస నిల్వ అక్కర్లేదు. ఒక బ్రాంచిలో మమ్మల్ని “వీళ్లకు ఖాతా దేనికి” అని తిప్పి పంపారు. మేం రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర అడిగాం. ముద్ర అడిగాక మేనేజరే పిలిచి ఫారం ఇచ్చారు. ఏ ఆఫీసులోనైనా నేను ఇదే చేస్తాను: నోటిమాట వద్దు, కాగితం ఇవ్వండి, ముద్ర తీసుకోండి.

ఓటరు కార్డు గురించి చాలామందికి తెలియని సంగతి. ఇల్లు లేని మనిషి ఫారం 6లో తాను పడుకునే చోటే చిరునామాగా రాయొచ్చు. చిరునామా రుజువు అక్కర్లేదు. బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూడాలి. ఫ్లైఓవర్ స్తంభం నంబరు రాసినా చెల్లుతుంది. ఓటు వేసి వేలికి సిరా పెట్టించుకుని వచ్చిన రోజు మా షెల్టర్‌లో ఆడవాళ్లు ఆ వేలును ఒకరికొకరు చూపించుకుంటారు. ఆ రోజు కోసమైనా ఈ కార్డు చేయించండి.

అసలు కాగితాలు లాకరులో, జిరాక్సులు ఆమె సంచిలో, ఫొటోలు డిజీలాకర్‌లో. సంస్థ బీరువాలో అందరి ఆధార్లూ పోగేసి పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు. కార్డు మన దగ్గర ఉన్నంతకాలం ఆమె మన చేతిలో ఉన్నట్టే. అలా ఉండకూడదు.

డబ్బు లెక్క

తెలంగాణలో వృద్ధాప్య, వితంతు, ఒంటరి మహిళ పెన్షన్ 2,016 రూపాయలు, దివ్యాంగులకు 4,016. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000. మా బస్తీల్లో రేకుల గది మూడు నాలుగు వేలకు తక్కువ దొరకడం లేదు. అంటే హైదరాబాద్‌లో పెన్షన్ మీద ఒక్క మనిషికి గది తీసుకోవడం కుదరదు. ఇద్దరు ముగ్గురు కలిస్తే, అందులో ఒకరికి పని ఉంటే లెక్క కుదురుతుంది. మిగిలినది సంస్థ వేసుకోవాలి. ఇది దాచకుండా మొదట్లోనే కాగితం మీద కూడి ఆమెకు చూపించండి. బియ్యం రేషన్ మీద వస్తాయి, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం ఉంది, అయినా కూరగాయలు, గ్యాసు, కరెంటు, మందులు, బస్సు ఖర్చు ఉంటాయి.

పని గురించి ఒక్క మాట. అందరికీ కుట్టుమిషన్ ఇప్పించేయాలని దాతలకు ఉంటుంది. ఆమె వీధికి రాకముందు ఏం చేసేదో అడగండి. ఇడ్లీ బండి పెట్టినామె చేతికి కుట్టుమిషన్ ఇచ్చి లాభమేంటి? కేటరింగ్, హాస్టల్ వంట, పూలు కట్టడం, ఆసుపత్రిలో రోగుల దగ్గర తోడు ఉండటం, ఇవి మా వాళ్లు నిలబెట్టుకున్న పనులు.

గది వెతకడం

బస్తీ ముందు, గది తర్వాత. ఆమె పనికి నడిచి వెళ్లగలగాలి. ఆసుపత్రికి ఒకే బస్సు ఉండాలి. కిరాణా కొట్టు, నల్లా దగ్గరగా ఉండాలి. షెల్టర్ నుంచి మరీ దూరం వద్దు, ఎందుకంటే మొదటి నెలల్లో ఆమె తిరిగి తిరిగి వస్తుంది.

ఓనరుతో ఏం చెప్పాలి? అబద్ధం వద్దు, అలాగని ఆమె చరిత్రంతా విప్పొద్దు. “మాది ఫలానా సంస్థ. ముగ్గురు ఆడవాళ్లు ఉంటారు. అద్దె సంస్థ పేరు మీద, ప్రతి నెలా ఐదో తారీఖు లోపు. ఏ ఇబ్బంది వచ్చినా ఈ నంబరుకు చేయండి, రాత్రైనా ఎత్తుతాం.” ఓనర్లకు కావాల్సింది ఆఖరి మాట. వాళ్ల భయమల్లా ఏదైనా అయితే ఎవరిని పిలవాలన్నదే. “మగవాళ్లు వస్తరా?”, “మీదే కులం?”, “పెండ్లయినోళ్లేనా?” అని కూడా అడుగుతారు. కులం అడిగిన చోట మేం ఇల్లు తీసుకోం. అక్కడ ఇల్లు దొరికినా ఆ ముగ్గురూ రోజూ ఆ చూపుల మధ్యే బతకాలి కదా. దొరకడం ఆలస్యమైనా పర్వాలేదు.

అగ్రిమెంటు 11 నెలలకు రాయించండి. సంస్థ అద్దెదారుగా ఉన్నా, ఉండేవాళ్ల పేర్లు అందులో రాయించండి. ఆ కాగితం రేపు గ్యాసుకు, పిల్లల బడికి పనికొస్తుంది. అడ్వాన్సు ఎంత, సున్నం వేయించడానికి అందులోంచి ఎంత కోస్తారు, కరెంటు మీటరు విడిగా ఉందా, నల్లా ఏ రోజుల్లో వస్తుంది, బాత్రూం ఎన్ని ఇళ్లకు ఒకటి, ఇవన్నీ మాట్లాడుకోండి.

ఎవరు ఎవరితో ఉండాలో ఆఫీసులో కూర్చొని నిర్ణయించొద్దు. షెల్టర్‌లో ఎవరి పక్క ఎవరు వేసుకుంటున్నారో, ఒకరికి జ్వరం వస్తే ఎవరు గంజి కాస్తున్నారో చూడండి. ఆ జంటలే నిలుస్తాయి. ఒకరు మాంసం తినేవాళ్లు, ఒకరు తినరు. ఒకరికి టీవీ కావాలి, ఒకరికి చప్పుడు పడదు. ఇవి చిన్న గొడవలే, కానీ ఇల్లు విడగొట్టేవీ ఇవే. చేరకముందు ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడించండి. నియమాలు వాళ్లే పెట్టుకోవాలి.

సామాను: చాపలు, బకెట్లు, మగ్గు, అన్నం గిన్నె, కూర గిన్నె, పోపుల డబ్బా, స్టవ్, చోటూ సిలిండరు. ఐదు కిలోల ఆ సిలిండరు చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీదే ఇస్తారు. గిన్నెలు వాళ్లనే తీసుకెళ్లి కొనిపించండి. ఏళ్ల తర్వాత తన వంటకు తాను గిన్నె ఎంచుకునే మనిషిని తొందరపెట్టొద్దు. తాళం కొత్తది కొనండి. ఎంతమంది ఉంటే అన్ని చెవులు చేయించి వాళ్లకే ఇవ్వండి. సంస్థ దగ్గర ఒకటి ఉంచాలంటే వాళ్లను అడిగి ఉంచాలి.

తాళంచెవి ఇచ్చాక

సాయం చాలాచోట్ల ఇక్కడితో ఆగిపోతుంది. నిజానికి మొదటి మూడు నెలలే అన్నిటికంటే కష్టం. నలభై మంది మధ్య పడుకునే అలవాటున్న మనిషికి నాలుగు గోడల మధ్య నిద్ర పట్టదు. లైటు వేసుకునే పడుకుంటారు. తలుపు దగ్గరే పక్క వేసుకుంటారు. సాయంత్రమయ్యేసరికి ఏదో వంకతో షెల్టర్‌కు వచ్చి కూర్చుంటారు. రానివ్వండి, టీ ఇవ్వండి. చీకటి పడ్డాక “పద అక్కా, నేనూ అటే వస్తున్నా” అని గదిదాకా నడవండి.

మొదటి నెల వారానికి మూడుసార్లు వెళ్లండి, తర్వాత రెండు, తర్వాత ఒకటి. తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి వెళ్లాలి. మూతలు తీసి చూడటం, మంచం కింద వెతకడం పనికిరావు. కూర్చుంటే మీకే తెలుస్తుంది: పొయ్యి వాడుతున్నారా, మందుల షీటులో ఎన్ని మిగిలాయి, పక్కింటావిడ పలకరిస్తోందా. మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్లు నయమైందనుకుని మానేసేది ఈ దశలోనే. నిద్ర తగ్గడం, అనుమానాలు మొదలవడం కనిపిస్తే తర్వాతి ఓపీ దాకా ఆగొద్దు. రాత్రివేళ మాట్లాడటానికి ఎవరూ దొరకకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

అద్దె వాటా ఇవ్వకపోతే కోప్పడే ముందు ఎందుకో తెలుసుకోండి. పని పోయిందా, మళ్లీ కల్లు మొదలైందా, కొడుకు జాడ తెలుసుకుని వచ్చి డబ్బు పట్టుకెళ్తున్నాడా? మూడోది మేం చాలా చూశాం. అప్పుడు అద్దె సంగతి పక్కన పెట్టి, పెన్షన్ డబ్బు ఎవరికి ఇవ్వాలో, ఇవ్వకూడదో తేల్చుకునే ధైర్యం ఆమెకు రావడానికి పక్కన నిలబడాలి. ఇచ్చేస్తానంటే అదీ ఆమె ఇష్టమే.

“ఇంటికి పంపించేయొచ్చుగా” అని అందరూ అంటారు. ఆమె వెళ్తానంటేనే పంపండి. ఏ ఇంటి నుంచి పారిపోయి వచ్చిందో అదే ఇంటికి చేర్చి ఫొటోలు తీసుకోవడం మంచి పని కాదు. వెళ్తానంటే మొదట ఫోనులో మాట్లాడించండి, తర్వాత ఒక రోజు చూసి రమ్మనండి, గదిని కొన్ని నెలలు ఆమె పేరునే అట్టిపెట్టండి.

మళ్లీ వీధికి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వెతకండి, కూర్చోండి, మొదటి రోజు కూర్చున్నట్టే. పక్క ఉందని చెప్పండి.

బస్తీలో కలవడానికి పండుగలు బాగా పనికొస్తాయి. బోనాలకు వీధి చందా మా వాళ్ల చేతే ఇప్పిస్తాం. బతుకమ్మకు పూలు తెచ్చిన ఇల్లు అనాథల ఇల్లు అనిపించుకోదు, ఫలానా అక్కవాళ్ల ఇల్లు అవుతుంది.

వయసు మళ్లినవాళ్లను నేను ఇంకో మాట కూడా అడుగుతాను. “నీకేమన్నయితే ఎవరికి చెప్పాలె పెద్దమ్మా? కట్టెల మీదనా, మట్టిలనా?” అడగడానికి నోరు రాదు. కానీ వాళ్లు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు వెంటనే చెప్తారు. అనాథ శవంగా పోతామన్న దిగులు వాళ్లకు ఆకలి కంటే పెద్దది. చెప్పింది రాసి, ఆమె చేత సంతకమో వేలిముద్రో వేయించి, కాగితాలతో పాటు పెట్టండి. బ్యాంకులో నామినీ కూడా అప్పుడే రాయించండి.

మీరు ఏం ఇవ్వగలరు

చలికాలంలో దుప్పట్లు మాకు లెక్కకు మించి వస్తాయి. అద్దెకు డబ్బు రాదు. ఒక గది ఏడాది అద్దెను నలుగురు స్నేహితులు పంచుకుంటే నెలకు తలా వెయ్యి దాకా పడుతుంది. ఆ ఏడాదిలో ఒక మనిషి కాగితాలు, పని, పెన్షన్ అన్నీ కుదురుకుంటాయి. ఏ సంస్థకిచ్చినా ఈ మూడు అడగండి: ఎంతమంది షెల్టర్ నుంచి గదులకు వెళ్లారు, వెళ్లినవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది అక్కడే ఉన్నారు, వాళ్లను చూసొచ్చే మనిషికి జీతం ఎవరిస్తున్నారు. పన్ను మినహాయింపుకు 80జీ రసీదు కావాలంటే రెండు వేలు దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వకండి, ఖాతాలో వేయండి.

డబ్బు కుదరకపోతే మీ ఖాళీ గది సంగతి ఆలోచించండి. అదీ లేకపోతే నెలకు ఒక పూట సమయం ఇవ్వండి. ఆధార్ కేంద్రంలో, పెన్షన్ ఆఫీసులో, ఎర్రగడ్డ ఓపీలో గంటల తరబడి లైన్లో పక్కన నిలబడే మనిషి మాకెప్పుడూ తక్కువే. వచ్చేటప్పుడు నీళ్ల సీసా, జిరాక్సులకు చిల్లర, ఒక పెన్ను తెచ్చుకోండి. పొద్దున ఎనిమిదింటికే రావాలి, తొమ్మిది దాటితే టోకెన్లు అయిపోతాయి.